గోడలోని పొయ్యి

పూర్వము పొయ్యి నేలమీద నుండెడిది. మన అమ్మమ్మలు దానియెదుట పీట వేసికొని, ఊదుగొట్టముతో నూది, కన్నీరు తుడుచుకొనుచు వండిరి. పిదప నది అరుగు మీది కెక్కినది. గ్యాసు వచ్చి పొగను మాన్పినది. ఇప్పుడు కొన్ని యిండ్లలో నది గోడలోనికే దూరినది. మంట లేదు, పొగ లేదు, బొగ్గు లేదు. ముందొక అద్దపు తలుపు, పైన రెండు మరలు మాత్రమే కానవచ్చును. దీనినే ఓవెనందురు. కంటికి నిప్పు కనబడదు గనుక నిది సాధువస్తువని తలచుట మనకు సహజము. అట్లు తలచి మా కుటుంబము వారము ఒకనాడు పడిన భయమే యీ వ్యాసమునకు కారణము.

మా పూతలపట్టు తిరుపతినుండి వచ్చు రహదారి చిత్తూరు రహదారిని కలిసికొను చోటనున్న గ్రామము. చెరకు, వేరుసెనగ, మామిడి మా చుట్టుప్రక్కల పంటలు; రాగిసంగటి మా నిత్యాహారము. ఇట్టి యూర గోడలో నమర్చిన ఓవెనులేమిటని మీ రడుగవచ్చును. మా పిల్లలు బెంగుళూరు, చెన్నపట్టణము, అమెరికా మున్నగు చోట్ల ఉద్యోగములు చేయుచున్నారు. తల్లిదండ్రుల కొరకు సొంతయూర నిండ్లు కట్టించుచున్నారు. పట్టణములో తాము చూచిన వంటగది యెట్లున్నదో అట్టిదే యిక్కడను గావలెనని మేస్త్రీలతో చెప్పుచున్నారు. ఇల్లు కట్టువాడు గోడలో తొట్టి చేసి ఓవెనును దిగవేసి పోవును. దానిని వాడు విధము చెప్పువారు మాత్ర మెవ్వరును రారు.

ఈ సాధనము నిన్న మొన్న పుట్టినది కాదు. 1892వ సంవత్సరముననే కెనడా దేశపు ఒట్టావా నగరమున థామస్ అహెర్న్ అను నతడు ఒక హోటలులో విందునంతయు విద్యుత్తుతోనే వండించెను. మరుసటి యేడు చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో విద్యుద్వంటశాలయే చూపబడినది. వస్తువు క్రొత్తదైనను భావము మనకు ప్రాతదే. అమరకోశమున భక్ష్యములు చేయువానికి కాందవికుడను పేరు గలదు; కందువనగా నాతడు భక్ష్యములు కాల్చు సాధనము. మన కోస్తా సోదరీమణులు రొట్టె కాల్చునపుడు మూకుటిపై మూతవేసి, ఆ మూతమీదను నిప్పులు పోయుదురు గదా! క్రింద నిప్పు, మీద నిప్పు, నడుమ రొట్టె. గోడలోని ఓవెనును సరిగా నదియే.

ఆనాడు జరిగినది

2024 సంక్రాంతికి మా మరిదియు తోడికోడలును పిల్లలతో వచ్చిరి. వారి క్రొత్త యిల్లు మా వీధిలోనే యున్నది. సంవత్సరము పొడవున వారు లేనపుడు మా అత్తగారే ఆ యింట దీపము పెట్టుచుండిరి. ఓవెను నామె చూచి, తలుపున్న మంచి అలమార దొరికినదనుకొనిరి. అప్పడముల డబ్బాలు, వడియముల ప్లాస్టిక్ పెట్టెలు, రెండు నూనెపొట్లములు అందులో సర్దిరి. చీమ చొరదు, ఎలుక చొరదు. ఆమె ఆలోచనలో తప్పేమియు లేదు. అమెరికాలోని మన తెలుగువారి యిండ్లలోను ఓవెను బాణలులకును మూకుళ్లకును అలమారయై యుండుట వింత గాదని అచ్చటి మా బంధువులు చెప్పుదురు.

భోగికి ముందునాడు పిల్లలు బిస్కత్తులు కావలెనని మారాము చేసిరి. మా తోడికోడలు ముందుగా ఓవెనును వేడిచేయవలెనని పుస్తకములో చదివియున్నది. మరను 200 డిగ్రీలకు త్రిప్పి, పిండి కలుపుటకు కూర్చున్నది. లోపల చూడలేదు. పదినిమిషములు గడవకమున్నే ఘాటైన వాసన వచ్చినది. అద్దము వెనుక నల్లని పొగ సుడులు తిరుగుచుండెను. అడుగున నీలిరంగుతో చిన్నమంట యొకటి లేచినది.

మేము పరుగెత్తి తలుపు పిడిపై చేయి వేసితిమి. లోపలి వస్తువులను లాగివేయవలెనని మా తలంపు. అప్పుడు మా అత్తగారు పెద్దకేక వేసిరి: "తియ్యొద్దు మే! నూనె మూకుడు అంటుకుంటే మూత పెడతామా, తీస్తామా?" మా చేయి వెనుకకు వచ్చినది. మా తోడికోడలు మరను సున్నకు త్రిప్పినది. ఓవెనునకు వేరుగా మీటయెక్కడనని వెదకితిమి. అది ఓవెను వెనుకనే గోడలో నున్నదట! మా వారు వాకిటిలోని పెద్దమీటనే దించి యిల్లంతయు చీకటి చేసిరి. గాలి చాలక మంట తనంతట చచ్చినది. గంట గడచిన పిదప తలుపు తెరువగా, ప్లాస్టిక్ కడ్డీలమీద మైనమువలె కారి గడ్డకట్టియున్నది. పొట్లములలోని నూనె అడుగున మడుగైయున్నది. ఆ నూనెపై మంట పూర్తిగా లేచినవేళ మేము తలుపు తీసియుండిన, జ్వాల మా ముఖమునకే వచ్చియుండెడిది. ఆ ప్రక్కనే మా మరిది కూతురు, అయిదేండ్ల పసిది, నిలుచుండి చూచుచుండెను.

చదువుకొన్న మాకు తోచనిది, బడి యెరుగని మా అత్తగారికి తోచినది. అగ్నికి గాలి ఆహారమని ఆమెకు మూకుడే నేర్పినది.

అమరికలో చూడవలసినవి

పండుగ యైన తరువాత చిత్తూరునుండి విద్యుత్పని తెలిసిన యొకరిని పిలిపించితిమి. ఆయన ఓవెనును తొట్టినుండి వెలికిలాగి మూడు దోషములు చూపెను. వానిని మీకును చెప్పుట మా ధర్మము. ఏలయనగా అవి గోడ వెనుక నుండును గాని గృహిణి కంటికి కానరావు.

మొదటిది తీగ. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. గోడలో నమర్చు ఓవెనులు సామాన్యముగా 2000 మొదలు 3500 వాట్ల వరకు గ్రహించును. 3000 వాట్ల ఓవెను పనిచేయునపుడు 13 ఆంపియర్ల ప్రవాహము నడుచును. ఈ కాలపు 9 వాట్ల దీపములు మూడువందలకు పైగా నొక్కమారు వెలిగించుటతో నిది సమానము. దీపములకు వేసిన సన్నతీగనుండియే దీనికిని శాఖ తీసిన, తీగ గోడలోపల కాగి, పైతొడుగు కరగి, నిప్పునకు కారణమగును. ఓవెనునకు పెద్దపలకనుండి వేరుగా నొక తీగ రావలెను. అది రాగితీగయై, సామాన్యముగా 4 చదరపు మిల్లీమీటర్ల మందము గలదై యుండవలెను. దానికి తగిన ఎం.సి.బి. యను రక్షకమీట వేరుగా నుండవలెను. ఆ మీట మాటిమాటికి పడిపోవుచున్నచో, పెద్దది వేయించుట పొరపాటు. పడిపోవుట దాని దోషము గాదు, హెచ్చరిక.

రెండవది ఎర్తు. ఓవెను పైభాగమంతయు లోహము. లోపల తీగ యెక్కడైన తెగి లోహమునకు తగిలిన, ఆ విద్యుత్తు భూమిలోనికి పోవుటకు దారి యుండవలెను. ఆ దారియే ఎర్తుతీగ, పచ్చరంగుది. మూడు కాళ్ల ప్లగ్గులో పైనున్న లావుపాటి పొడవు కాలు దానిదే. అది తక్కిన రెంటికంటె ముందుగా తగులునట్లు పొడవుగా చేయబడినది. మా మరిది యింట ఆ పచ్చతీగ దేనికిని కలుపబడక గోడలో చుట్టగా పడియున్నది. తడినేల మీద వట్టికాళ్లతో నిలిచి పిడి పట్టుకొన్నపుడు చేయి జివ్వుమనెడిదని మా తోడికోడలు అప్పుడు చెప్పినది. అంతకుమునుపు చెప్పలేదు. "క్రొత్తవస్తువుగదా, అట్లే యుండునేమో" అనుకొన్నదట. సోదరీమణులారా! ఏ విద్యుత్సాధనమైనను ముట్టినప్పుడు జివ్వుమనుట సహజము కాదు. ఆ క్షణముననే మీట దించి, పని తెలిసినవారిని పిలిపించి, బాగయ్యెడు వరకు దానిని ముట్టరాదు.

ఎర్తునకు తోడు ఆర్.సి.సి.బి. యను మరియొక రక్షకము గలదు. విద్యుత్తు తన మార్గము తప్పి 30 మిల్లీఆంపియర్లపాటి కారినను, మనిషి ప్రాణమునకు ముప్పు రాకమునుపే అది ప్రవాహమును తెంచివేయును. దానిమీద "టి" అను గుర్తుగల చిన్న మీట యుండును. నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కగానే ప్రవాహము తెగిన నది జీవించియున్నట్లు.

మూడవది మీటయుండు చోటు, గాలి పోవు త్రోవ. మీట ఓవెను వెనుక నుండిన ఆపదలో నెట్లందును? చేయి సులభముగా చేరు ప్రక్కగోడమీద నుండవలెను. తొట్టికి క్రిందను వెనుకను తయారుచేసినవారు చెప్పినంత సందు విడువవలెను. అందముకొరకు ఆ సందులను చెక్కతో మూయుట ఆత్మహాని వంటిది. వంట ముగిసిన పిమ్మటను కొన్ని ఓవెనులలో చల్లార్చు పంకా కొంతసేపు తిరుగుచుండును. అది తనంతట నిలుచువరకు గోడమీద మీట తీయరాదు.

కొనునపుడు ఐ.ఎస్. 302 అను భారతీయ ప్రమాణము ననుసరించినదేనా యని విచారింపవలెను. గృహోపకరణముల విద్యుద్రక్షణకు సంబంధించిన ప్రమాణమిది.

వాడుక

క్రొత్త ఓవెనును మొదటిసారి వట్టిదిగానే వేడిచేయవలెను. కిటికీలు తెరచి, 200 మొదలు 250 డిగ్రీలవద్ద సుమారొక గంట యుంచిన, తయారీలో పూసిన నూనెలు కాలిపోవును. ఆ వాసన తరువాతి పిండివంటలకు పట్టదు. పిల్లలను, ఉబ్బసము గలవారిని ఆ వేళ వేరొక గదిలో నుంచుట మేలు.

ఓవెనులో ఉష్ణము పిండికి చేరు మార్గములు బడిపిల్లలు చదువు మూడే. పళ్లెమునుండి పిండికి ఉష్ణవహనము. లోపలి వేడిగాలి వలన ఉష్ణసంవహనము. ఎర్రని కడ్డీనుండి నేరుగా ఉష్ణవికిరణము. మర ప్రక్కనుండు బొమ్మలు ఈ మూటినే సూచించును. క్రిందిగీత క్రింది కడ్డీని, పైగీత పైకడ్డీని, వంకరగీత ఎర్రగా కాలు గ్రిల్లును, పంకాబొమ్మ గాలి త్రిప్పుటను తెలుపును. కేకునకు, బిస్కత్తులకు క్రిందిగీత మీదిగీత రెండును గలది చాలును. పంకాతో వండునపుడు వేడి త్వరగా చేరును గనుక పుస్తకములో చెప్పినదానికంటె 20 డిగ్రీలు తగ్గించవలెను.

సామాన్యముగా కేకునకు 170 మొదలు 180 డిగ్రీలు, బిస్కత్తులకు 160 మొదలు 180, రొట్టెకు 200 మొదలు 220 తగియుండును. మరమీది అంకెకును లోపలి వేడికిని పది యిరువది డిగ్రీల భేద ముండుట కలదు. ఓవెనులో నిలుపదగిన చిన్న ఉష్ణమాపకమొకటి కొనిన నీ సందేహము తీరును. పదార్థమును నడిమి కడ్డీలమీద నుంచవలెను. అయిదు నిమిషముల కొకమారు తలుపు తెరచి చూచిన వేడి పోవును, కేకు నడుమ క్రుంగును. అద్దమును దీపమును అందుకే యున్నవి.

గోధుమవన్నెయు కమ్మని వాసనయు ఎచ్చటినుండి వచ్చునో తెలిసికొనుట ఉపయుక్తము. పిండిలోని మాంసకృత్తులును చక్కెరలును వేడిలో కలిసి మార్పు చెందుటవలన నవి పుట్టును. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ దీనిని వివరించెను. తడి యారినగాని యీ మార్పు బాగుగ జరుగదు. కనుకనే ఆవిరిలో నుడికిన ఇడ్డెన తెల్లగాను, కాల్చిన రొట్టె ఎర్రగాను ఉండును.

పాత్రల విషయమున మన వారికి గొప్ప భ్రాంతి గలదు. మైక్రోవేవును, దీనిని రెంటిని ఓవెననియే పిలుచుట దానికి కారణము. మైక్రోవేవులో లోహపాత్ర నుంచరాదు. దానికి తగిన ప్లాస్టిక్ ఉంచవచ్చును. ఇందులో అంతయు తలక్రిందులు. ఇనుము, అల్యూమినియము, స్టీలు, కాల్చిన మట్టిమూకుడు, ఓవెనుకొరకే చేసిన గట్టి గాజు తగినవి. ఏ ప్లాస్టిక్కును తగదు. మెలమైను పళ్లెములు, సామాన్యపు గాజుగ్లాసులు, చెక్కపిడుల పాత్రలు తగవు. వార్తాపత్రిక పరచుట మిక్కిలి అపాయకరము. బేకింగు కాగితమైనను దానిపై వ్రాసిన డిగ్రీలకు మించరాదు. ఓవెను అడుగుభాగమున రేకుకాగితము పరచుట, పళ్లెమును నేరుగా అడుగున నుంచుట కూడదు. క్రింది కడ్డీ వేడి అచ్చటనే చిక్కి ఎనామెలు పూత పగులును.

మన వంటలు

ఇందులో నేమి చేయుదుమని అడుగువారికి, కేకులే చేయనక్కరలేదని మా ఉత్తరము. మా వైపు దొరకు గెణుసుగడ్డలను కడిగి, ముల్లుతో నాలుగుచోట్ల గ్రుచ్చి, 200 డిగ్రీలవద్ద ముప్పాతిక గంట యుంచిన, బూడిదలో కాల్చినట్లే తీయగా నుండును. వేరుసెనగగింజలను ఒక వరుసగా పరచి, 170 డిగ్రీలవద్ద పదునైదు మొదలు ఇరువది నిమిషములు నడుమ రెండుసార్లు కలియబెట్టుచు వేయించిన, మాడక సమముగా వేగును. వేడిగా నున్నపుడు మెత్తగా తోచినను చల్లారిన పిదప కరకరలాడును. కనుక ఇంకను వేగలేదని మరల లోనికి నెట్టరాదు.

రాగిబిస్కత్తులు మా పిల్లల కిష్టము. రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, మెత్తని బెల్లపుపొడి 100 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, కాల్చెంచా వంటసోడా, కొంచెము ఏలకులపొడి. రాగిలో గోధుమవలె సాగు జిగురు లేదు గనుక గోధుమపిండి కలుపనిచో విరిగిపోవును. నేతిని బెల్లముతో బాగుగ గిలకొట్టి, పిండ్లు కలిపి, రెండుమూడు చెంచాల పాలు చిలికించి ముద్దచేయవలెను. అరగంట నానిన పిదప బిళ్లలుగా నొత్తి, ముందుగా వేడిచేసిన ఓవెనులో 160 డిగ్రీలవద్ద పదునైదు మొదలు పదునెనిమిది నిమిషము లుంచవలెను. రాగి స్వభావముచేతనే నల్లనిది గనుక రంగు చూచి పాకము తెలియదు. అంచులు గట్టిపడి, నడుమ మెత్తగా నున్నపుడే తీసి చల్లారనీయవలెను. బెల్లము చక్కెరకంటె త్వరగా మాడునని మరువరాదు.

ఖర్చు సంగతి. వేయి వాట్లు గంటసేపు నడిచిన నొక యూనిటు. 2500 వాట్ల ఓవెను మొదటి పదునైదు నిమిషములలోనే అర యూనిటునకు పైగా త్రాగును. అనంతరము వేడి నిలుపుటకు నడుమ నడుమ మాత్రమే వెలిగి యారుచుండును. ఒక గంట పనికి రమారమి యూనిటు మొదలు యూనిటున్నర యగును. ఒక్క పళ్లెముకొరకు వెలిగించుట పొదుపు గాదు. బిస్కత్తులు తీయగానే వేరుసెనగలు, పిమ్మట గెణుసుగడ్డలు పెట్టిన నొకే వేడి మూటికిని పనికివచ్చును. ముగియుటకు అయిదు నిమిషముల ముందే మర ఆర్పినను లోపలి వేడి మిగిలిన పని చేయును. అన్నము, పప్పు, కూరలకు ఓవెను వద్దు, కుక్కరే మేలు.

కరెంటు పోయినపుడు

గ్రామములలో వోల్టేజి తగ్గుట మన మెరుగని సంగతి గాదు. 230కి బదులు 200 వోల్టులే వచ్చిన, ఓవెను బలము ముప్పాతికకు పడిపోవును. వంట చెడదు, ఆలస్యమగును. కాలమును బట్టి గాక పదార్థమును చూచి దింపవలెను. ఇంటి ఇన్వర్టరుపై ఓవెనును నడుపుట తగదు. దీపములకు, పంకాలకు చేసిన యా బ్యాటరీ యింత భారము మోయజాలదు.

కరెంటు పోయిన తోడనే మరను సున్నకు త్రిప్పవలెను. ఇది చిన్న సంగతిగా తోచును. వంట మధ్యలో కరెంటు పోయినది. మీరు గుడికో చుట్టాలింటికో వెళ్లితిరి. మీరు లేనపుడది మరల వచ్చినది. మర తిరిగియున్న పాతపద్ధతి ఓవెను, ఎవరును లేని యింట తానే వెలుగును. సరఫరాలో దోషమున్న 1912 అను సంఖ్యకు ఫోను చేసి తిరుపతిలో కార్యస్థానముగల మన దక్షిణ విద్యుత్పంపిణీ సంస్థకు తెలుపవచ్చును.

కాలిన యెడల, అంటుకొన్న యెడల

ఓవెను తలుపు అద్దము బయటనుండియు కాగును. పసిపిల్లల ముఖ మా యెత్తుననే యుండును. నేలకు దగ్గరగా నమర్చిన యిండ్లలో, అది చల్లారువరకు ఒక గీత గీచి పిల్లలను దాటనీయరాదు. కొంగు బొడ్డున దోపికొనవలెను. సిల్కు, నైలాను చీరలకంటె నూలుచీరయే వంటకు తగినది. పళ్లెము తీయునపుడు తడిగుడ్డ పట్టరాదు. తడి వేడిని త్వరగా చేతికి చేర్చును, ఆవిరియై కాల్చును. మందపు పొడిగుడ్డ కావలెను. తలుపు తెరచునపుడు ముఖము వంచక ప్రక్కకు నిలిచి, మొదటి ఆవిరిని పోనీయవలెను.

చేయి కాలినచో వెంటనే గాజులు, ఉంగరములు తీసివేయవలెను. వాచిన తరువాత నవి రావు. చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషములు పట్టవలెను. పసుపు, వెన్న, సిరా, పండ్లపొడి మున్నగునవి పూయరాదు. బొబ్బ చిదుపరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యశాలకు పోవలెను. గాయము పెద్దదైన 108కి ఫోను చేయవలెను.

ఓవెనులో మంట లేచినచో తలుపు తెరువరాదు. మర ఆర్పి, గోడమీట దించి, నీరు చల్లక దూరముగా నిలువవలెను. చల్లారకున్న అందరును బయటికి వచ్చి 101కి ఫోను చేయవలెను.

ఓవెనును కడుగుట పూర్తిగా చల్లారిన పిదపనే. వేడి అద్దముపై నీటిచుక్క పడిన పగులవచ్చును. వంటసోడాను నీటితో ముద్దచేసి పూసి, కొన్ని గంటలు విడిచి, మెత్తనిగుడ్డతో తుడిచిన జిడ్డు పోవును. ఇసుక, పీచు పెట్టి తోమరాదు. జిడ్డు నిలిచిన ఓవెనులో మరుసటి వంటలో పొగయు, ఒక్కొక్కపుడు మంటయు పుట్టును. లోపలి దీపము మార్చునపుడు గోడమీట దించక చేయిపెట్టరాదు.

నన్నయభట్టారకుని యారణ్యపర్వమున నలచరిత్ర మనము చదివినదే. బాహుకుడై వంటలవాడుగా నున్న నలునికి దేవతల వరమువలన కోరినచోట అగ్ని ప్రత్యక్షమయ్యెడిది. మనకును మర త్రిప్పిన అగ్ని వచ్చుచున్నది. ఐతే నలునికి వరముతో నేర్పును గలదు. మనకు వరము మాత్రమే వచ్చి, నేర్పు మిగిలియున్నది. ఆ నేర్పు కొనునపుడు అంగడివాడీయడు, అమర్చునపుడు మేస్త్రీ యీయడు. గృహిణియే అడిగి తెలిసికొనవలెను. "ఎర్తు కలిపితిరా? చూపుడు" అని యడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. మగవారి సంగతియని విడువనక్కరలేదు. దానియెదుట నిలుచునది మనము.

మా మరిది యింట తీగ మార్పించిరి, పచ్చతీగ కలిపించిరి, మీట ప్రక్కగోడకు వచ్చినది. ఇప్పుడు మా అత్తగారికి ఓవెనుపై కోపము లేదు. రాగిబిస్కత్తులు పాలలో ముంచి తినుచున్నారు. అప్పడముల డబ్బా మరల గూటిలోనికి పోయినది. ఎవరైన మరమీద చేయి వేయగానే ఆమె కూర్చున్న చోటినుండియే, "మొదట తలుపు తీసి లోపల చూడు మే!" అని కేకవేయుదురు. మేమును తలుపు తీసి, వంగి, నాలుగు మూలలు చూచి, మూసి, అటుపిమ్మటనే మర త్రిప్పుచున్నాము. మా మరిది కూతురును బెంగుళూరిలోని తమ యింట తల్లిచేత నట్లే చేయించుచున్నదట. మీరును నేడే ఒకసారి మీ ఓవెను తలుపు తీసి చూడుడు.